ముదలాళి వేయించిన స్టూళ్లు

పోయిన వారం షైజుని మాణిక్కత్ టెక్స్‌టైల్స్ ఎదుట, రోడ్డుకి అవతల, వానలో నిలబడ్డవాణ్ని నిలబడ్డట్టే వదిలేశాం. చేతిలో గొడుగుంది. తెరవాలన్న ఆలోచన కూడా రాలేదతనికి. అద్దాల వెనక, చీరల కౌంటర్ దగ్గర, అమ్మకాలు చేసే ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు.

ఇందులో వింతేముందని కొత్తగా చదివేవాళ్లకి అనిపించవచ్చు. త్రిశూర్‌లోని ఆ కొట్టులో పొద్దున షట్టర్ లేచింది మొదలు రాత్రి దిగేదాకా ఆడవాళ్లు కూర్చోకూడదు. కొనేవాళ్లు లేకపోయినా కూర్చోకూడదు. గోడకి ఆనుకోకూడదు. అదే కొట్టులో ఏళ్ల తరబడి షర్టు గుడ్డలు కొలిచి చింపిన షైజు, ఉద్యోగం మానేసి, ఆ బతుకు మీదే నవ్వుల సినిమా ఒకటి తీస్తున్నాడు. అతనికదే మొదటి సినిమా. ఒల్లూరులో మూతపడ్డ బట్టల కొట్టొకటి అద్దెకు దొరికింది. నటించేవాళ్లంతా ఎక్కడో ఒకచోట పనిచేసుకునేవాళ్లే కాబట్టి షూటింగ్ ఆదివారాల్లోనే. నాయిక వేషం వేస్తున్న రోసిలిని అందరూ చేచ్చి, అంటే అక్క, అని పిలుస్తారు. ఆమె ఇప్పటికీ మాణిక్కత్‌లో చీరలమ్ముతుంది. తలకి స్కార్ఫ్ చుట్టుకుని, దొంగలా వచ్చి నటించి వెళ్తుంది.

సినిమాలో ఆమె కాళ్ల నొప్పి ఓర్చుకోలేక, షో కేస్‌లో కుర్చీ మీదున్న పెళ్లికూతురి బొమ్మని తీసి పక్కన పెట్టి, ఆ చీరా నగలూ తనే వేసుకుని కళ్లార్పకుండా కూర్చుంటుంది. ఒకావిడ వచ్చి ఆ బొమ్మ కట్టుకున్న చీరే కావాలని పట్టుబడుతుంది. ఆ సీను తీసినరోజు అందరూ నవ్వాపుకోలేక నోటికి గుడ్డలు అడ్డం పెట్టుకున్నారు.

ఆ వారమే మాణిక్కత్‌లో స్టూళ్లు వచ్చాయి. అంతకుముందు టీ లేని సాయంత్రాల మీద ఒక సీను తీస్తే, వారం తిరక్కుండా అక్కడ ఆడవాళ్లకి టీ వచ్చింది. మొదటిసారి కాకతాళీయం అనుకున్నాడు షైజు. రెండోసారి అనుకోలేకపోయాడు. తన మనుషుల్లో ఎవరో సినిమాని మోసుకెళ్లి, ఆ కొట్టు ముదలాళి, అంటే యజమాని, లోనప్పన్ చెవిలో వేస్తున్నారు.

*

ఆదివారం రెండో పూజ అయిపోయి చర్చి జనం ఇళ్లకు మళ్లేవేళకి ఒల్లూరు కొట్టులో లైట్లు పెట్టారు. షైజు కెమెరా వైపు చూడలేదు. మనుషుల వైపు చూస్తున్నాడు.

కెమెరామన్ నిషాద్ చిన్ననాటి స్నేహితుడు. పెళ్లి వీడియోలు తీసేవాడు. సినిమాకి డబ్బు ఏర్పాటు చేసిందీ అతనే. ఈమధ్య ఫోన్ మాట్లాడుతున్నవాడల్లా షైజు దగ్గరికి రాగానే 'సరే, తర్వాత' అని పెట్టేస్తున్నాడు. అసిస్టెంట్ మృదుల ఎంత పని చెప్పినా విసుక్కోదు, కానీ ఆమె మేనమామ మాణిక్కత్‌లో క్యాషియర్. సినిమాలో ముదలాళి వేషం వేస్తున్న డేవిస్ పెళ్లిళ్లలో వడ్డన చేస్తాడు. అసలు ముదలాళీ అతనూ ఒకే చర్చిలో, ఒకే వరసలో నిలబడి పాడతారు.

అనుమానం మొదలైతే అమాయకంగా చేసే పని కూడా దొంగపనిలాగే కనిపిస్తుంది. మృదుల నవ్వితే ఎందుకు నవ్విందనిపించింది. డేవిస్ తలదువ్వుకుంటే ఎవరికోసం దువ్వుకుంటున్నాడనిపించింది. పరోటా పొట్లాలొచ్చాక నిషాద్ తనది తీసుకుని మెట్ల మీదికెళ్లి ఒంటరిగా తింటుంటే షైజుకి ముద్ద దిగలేదు.

లోనప్పన్ వర్తక సంఘంలో పెద్దమనిషి. ఈ మూతపడ్డ కొట్టు యజమాని అదే సంఘంలో చిన్నమనిషి. లోనప్పన్ ఒక్క మాటంటే రేపే తాళం పడుతుంది. సగం తీసిన సినిమా ఎవరికి కావాలి?

అందుకని షైజు ఒక ఉచ్చు పన్నుకొచ్చాడు. స్క్రిప్టులో లేని మూడు సీన్లు కల్పించి, ముగ్గురికీ ఒక్కొక్కటి చెప్పడం. మాణిక్కత్‌లో ఏది మారితే ఆ సీను విన్నవాడే దొంగ. రోసిలి చేచ్చికి మాత్రం ఏమీ చెప్పలేదు. ఆమె నటిస్తున్నట్టు ముదలాళికి తెలిస్తే ఆమె ఉద్యోగమే పోతుంది. ఆమెను అనుమానించడమేమిటి?

ముందు డేవిస్‌ని అన్నా అన్నట్టు వరస కలిపి పక్కకి పిలిచాడు. "డేవిస్ చేట్టా, కొత్త సీనొకటి రాశాను. మీకొక్కరికే చెబుతున్నా. సాయంత్రం ఇళ్లకెళ్లే ఆడవాళ్ల సంచులు వాచ్‌మన్ వెతుకుతాడు కదా. చేపల పులుసు గిన్నె మూత ఊడి వాడి చేతినిండా పులుసు."

"నేనుంటానా అందులో?"

"మీరొచ్చి ఆ చెయ్యి వాసన చూస్తారు."

"డైలాగ్ లేకుండానా?" డేవిస్ మొహం చిన్నబోయింది. "వాసన చూసి ఏదో ఒకటి అనాలి కదా షైజూ. మనిషన్నాక అంటాడు."

"రాస్తాను. ఎవరికీ చెప్పొద్దు."

మృదులకి బాత్రూం తలుపు సంగతి చెప్పాడు. గడియ లేదు, అందుకని ఒకామె లోపలికెళ్తే మరొకామె బయట తలుపు పట్టుకుని పాట పాడుతూ నిలబడుతుంది. పాట ఆగిందంటే మేనేజర్ వస్తున్నాడని గుర్తు. మృదుల నవ్వలేదు. "నిజంగా గడియ లేదా అక్కడ?" అనడిగింది. ఎందుకడిగిందా అని షైజు ఆమె కళ్లలోకి చూశాడు. ఏమీ తేలలేదు.

నిషాద్‌కి గడియారం గురించి చెప్పాడు. పొద్దున చురుగ్గా నడిచి, సాయంత్రమయ్యేసరికి నీరసించే గోడ గడియారం. ఇంటికెళ్లే వేళ ఎప్పటికీ కానివ్వదు.

"బావుంది," అన్నాడు నిషాద్. అంతకుమించి ఏమీ అనలేదు. మామూలుగా అయితే ఎలా తీయాలో చేతులూపుతూ చెప్పేవాడు.

'వీడే,' అనుకున్నాడు షైజు. అనుకున్నందుకు మళ్లీ తనమీద తనకే కోపమొచ్చింది.

*

మంగళవారం మధ్యాహ్నం ముండు పంచె కొనుక్కునే మిషతో మాణిక్కత్‌లో అడుగుపెట్టాడు. వాచ్‌మన్ గుర్తుపట్టి నవ్వాడు.

"ఏంటి షైజూ, సినిమా డైరెక్టరువై మమ్మల్ని మర్చిపోయావు!"

"మర్చిపోతే వస్తానా? నీ బల్ల ఏది?"

"ఏ బల్ల?"

"సంచులు వెతికే బల్ల."

వాచ్‌మన్ మొహం మాడ్చుకున్నాడు. "నిన్న తీసేశారు. ఇకనుంచి వెతకొద్దన్నారు. నేనిప్పుడు రాని దొంగల కోసం కాపలా."

డేవిస్! అదే నోటితో చర్చిలో దేవుడికి పాడతాడు, అనుకుంటూ షైజు పళ్లు నూరాడు. లోపలికి నడుస్తూ అలవాటుగా గోడ వైపు చూశాడు. గడియారం కొత్తది. అతని చేతి గడియారమూ అదీ ఒకే మాట చెబుతున్నాయి.

కాళ్లు అక్కడే ఆగిపోయాయి. డేవిసా, నిషాదా? ఇద్దరూ కలిశారా?

ఇంతలో వెనక నడవాలోంచి చప్పుడు వినిపించింది. తొంగిచూస్తే, ఆడవాళ్ల బాత్రూం తలుపు ముందు వడ్రంగి ఒకడు మోకాళ్ల మీద కూర్చుని ఇత్తడి గడియ బిగిస్తున్నాడు.

ముగ్గురూ!

ఒక్కడు మోసం చేస్తే తిట్టి పంపెయ్యొచ్చు. అందరూ మోసం చేస్తే ఎవరితో సినిమా తీయాలి? అసలు వాళ్లకి తనేం చేశాడు? ఇలా కుతకుతలాడుతున్న మనసులోకే మరో ప్రశ్న మెల్లగా వచ్చింది. ముగ్గురూ ఎవరికి వారు ముదలాళి దగ్గరికి పరిగెత్తనక్కర్లేదు. ముగ్గురూ మాట్లాడే మనిషి ఒకరుంటే చాలు.

తల తిప్పాడు. చీరల కౌంటర్ వెనకనుంచి రోసిలి అతన్నే చూస్తోంది.

"రండి సార్, ఎవరికి? అమ్మగారికా, మీ ఆవిడకా?" అని గట్టిగా పిలిచింది. స్టూలు మీంచి లేవలేదు.

షైజు కౌంటర్ దగ్గరికొచ్చి వంగాడు. "నువ్వేనా చేచ్చీ?"

"కసవులోనా? ఉన్నాయి సార్." తెల్లచీర ఒకటి అతని ముందు పరిచి, బంగారు అంచు వేలితో సవరిస్తూ గొంతు తగ్గించింది. "మేనేజర్ చూస్తున్నాడు. చీర పట్టుకో. చూస్తున్నట్టుండు."

షైజు చీర పట్టుకున్నాడు. "ముగ్గురూ నీకు చెప్పారా?"

"డేవిస్ చేట్టన్ ఫోన్ చేసి చేపల పులుసు వాసన చూశాక ఏమంటే బావుంటుందని అడిగాడు. మృదుల బాత్రూం మాట అడిగి ఏడ్చినంత పనిచేసింది. నిషాద్‌కి గడియారం ఎలా ఉంటుందో కావాలట. ఎవరికీ చెప్పొద్దని నువ్వు వాళ్లకి చెప్పావట కదా, వాళ్లూ నాకు అదే చెప్పారు." ఆమె మొహంలో నవ్వు లేదు. "నన్నొక్కదాన్నే వదిలేశావు. నన్ను అనుమానించలేదు నువ్వు. దానికి నాకు సిగ్గుగా ఉంది. మిగతాదానికి లేదు."

"ముదలాళికి నువ్వు నటిస్తున్నట్టు తెలుసా?"

"రెండో ఆదివారానికే తెలిసిపోయింది. ఎవరో ఫొటో పంపారు. పైకి పిలిచి, రేపట్నుంచి రావద్దన్నాడు. 'సరే ముదలాళీ, ఇది కూడా సినిమాలో వస్తుందిలెండి' అన్నాను. ఊరికే నోటికొచ్చింది షైజూ. ఆ మనిషి మొహం చూడాలి నువ్వు! 'నా గురించి ఇంకా ఏమేం తీస్తున్నారు' అనడిగాడు. టీ గురించి చెప్పాను." మేనేజర్ ఇటు నడుస్తుంటే గొంతు పెంచింది. "ఉతికినా రంగు పోదు సార్, నా మాట నమ్మండి!" అతను దాటిపోయాక మళ్లీ తగ్గించింది. "మర్నాడే టీ వచ్చింది. ఆ తర్వాత ఈ స్టూళ్లు."

"నా సినిమాని అమ్ముకున్నావు నువ్వు."

"అమ్ముకోలేదు. బేరమాడాను. రోజూ చేసే పనే కదా."

"ఎవరితో ఆడుతున్నావో తెలుసా? అన్నీ విని కూర్చుని, రేపు కేసు వేసి ఆపేస్తే? జనం నవ్వేదాకా ఆగలేకపోయావా?"

రోసిలి చీర మడతపెట్టడం ఆపింది. పాదాన్ని స్టూలు కాలి మీద పెట్టి, చీర కుచ్చెళ్లు కొద్దిగా పైకి లాగింది. పిక్కల మీద నరాలు నీలంగా, ముడులు ముడులుగా ఉబ్బి ఉన్నాయి.

"నీ సినిమా వచ్చి జనం నవ్వేసరికి ఇవెలా ఉంటాయో చెప్పు. నువ్వూ మాతోపాటే నిలబడ్డావు. కాదనను. బయటికెళ్లి దాన్ని సీనుగా రాశావు. తప్పని కూడా అనను. కానీ మేమింకా ఇక్కడే ఉన్నాం కదరా."

షైజు కోపం మాత్రం తగ్గలేదు. తను ఎన్నాళ్లో కూర్చుని అల్లిన నవ్వులు ఒక్కొక్కటీ ఇక్కడ స్టూలై, టీ గ్లాసై, ఇత్తడి గడియై పోతున్నాయి. సంతోషించాలో ఏడవాలో తెలియని కోపం అది.

"ఇంకొకటి కావాలి," అంది రోసిలి మెల్లగా. "జిన్సీ లేదూ, రెడీమేడ్‌లో? కాన్పుకెళ్లింది. బిడ్డనెత్తుకుని తిరిగొస్తే ఖాళీ లేదన్నారు. ఖాళీ లేదట! దాని మీద వచ్చే ఆదివారానికి ఒక సీను రాయి."

"అందులో నవ్వేముంది చేచ్చీ?"

"అది నాకేం తెలుసు? డైరెక్టరువి నువ్వు. నవ్వొస్తేనే ఆయన భయపడతాడు. ఏడిస్తే పట్టించుకోడు. మేం ఏడవని రోజుందా?"

మేనేజర్ ఈసారి నేరుగా వచ్చి షైజు భుజం మీద చెయ్యేశాడు. "ముదలాళి పైకి రమ్మంటున్నారు. నిన్నే."

రోసిలి చేతిలో చీర జారింది. ఆమె మొహం చూస్తే, ఈ పిలుపు ఆమె బేరంలో లేదని తెలిసిపోయింది.

*

పై అంతస్తు గదికి ఒక వైపంతా అద్దమే. కింద కొట్టంతా కనిపిస్తుంది. లోనప్పన్ బక్కపలచని మనిషి. తెల్లజుబ్బా, తెల్లముండు. ఎవరిమీదా గొంతెత్తి ఎరగడు. ఎత్తాల్సిన అవసరం రాలేదు.

"కూర్చో షైజూ. ఇప్పుడు ఈ కొట్టులో అందరూ కూర్చోవచ్చు." తన మాటకి తనే కొంచెం నవ్వాడు. "షూటింగ్ ఎలా సాగుతోంది?"

"ముదలాళీ, అందులో మీ పేరు లేదు. మీ కొట్టు పేరూ లేదు."

"ఎందుకు భయపడతావు? నేనేమన్నా అన్నానా? ఊరకే అడుగుతున్నా. డబ్బెవరు పెడుతున్నారు?"

"నిషాద్ వాళ్ల బావ. షార్జాలో ఉంటారు."

"ఎప్పుడైనా మాట్లాడావా ఆయనతో?"

అవసరమేముంది, అంతా నిషాదే చూసుకుంటున్నాడు. షైజు ఆ మాట పైకి అనబోయి, అది ఎంత తెలివితక్కువగా వినిపిస్తుందో తట్టి ఊరుకున్నాడు.

"మంచి మనిషే. రెండు ఆదివారాలు డబ్బు పెట్టాడు. తర్వాత అక్కడ ఆయన పనే పోయింది. మీవాడు నీకు చెప్పలేదా?" లోనప్పన్ బల్ల మీది నీళ్ల గ్లాసు మూత తీసి, ఒక గుక్క తాగి, మళ్లీ మూత పెట్టాడు. "నీకు చెప్పలేక ఊరంతా తిరిగాడు పాపం. చివరికి నా దగ్గరికొచ్చాడు. అప్పట్నుంచీ మీరు తింటున్న పరోటాలు నావే."

చటుక్కున పెట్టేసే ఫోన్లు, మెట్ల మీద ఒంటరి తిండి, గడియారం సీను విని 'బావుంది' అని ఊరుకోవడం, అన్నీ షైజుకి ఒక్కసారిగా అర్థమయ్యాయి. సీన్లు మోసినవాడు కాదు నిషాద్. సినిమానే రాసిచ్చేశాడు.

"ఆపించాలంటే ఆపించగలను. ఆపితే ఎందుకాపాడని ఊరంతా అడుగుతుంది. అందుకే కొనుక్కున్నాను. నువ్వు పూర్తి చెయ్యి. థియేటర్ కూడా చూసిపెడతాను. నిజం చెప్పనా? ఆ బొమ్మ సీను చూశాను. మావాళ్లంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది."

"మరి?"

లోనప్పన్ లేచి అద్దం దగ్గరికెళ్లాడు. కింద రోసిలి ఎవరికో చీర భుజాన వేసి చూపిస్తోంది. మధ్యమధ్యలో తలెత్తి పైకి చూస్తోంది.

"స్టూళ్లు వేస్తే నాకేం పోలేదు. కావాలని ఎప్పుడో అడిగితే ఇచ్చేవాణ్నేమో. కానీ అది అడగదు. సోమవారం సోమవారం ఆ తలుపు తీసుకుని వచ్చి, 'ముదలాళీ, ఇది కూడా ఉంది సినిమాలో' అంటుంది. దాని చెప్పుల చప్పుడు మెట్ల మీద వినిపిస్తే నాకు గుండెదడ. నా కొట్టులో, నా జీతగత్తె!" గొంతు పెరగలేదు. అద్దం మీద పెట్టిన చెయ్యి మాత్రం బిగుసుకుంది. "నేను దాన్ని పనిలోంచి తీసేస్తే ఆ ముక్క మీ సినిమాకెక్కుతుంది. పేపర్లకెక్కుతుంది. అదే నువ్వు సినిమాలోంచి తీసేశావనుకో, అందులో నవ్వడానికేముంది? నటన రాలేదన్నావు, ఇంకొకర్ని పెట్టుకున్నావు. రోజూ జరిగేదే."

"సగం సినిమా ఆవిడ మీదే తీశాం!"

"మళ్లీ తియ్యి. ఎంతవుతుందో నేనున్నాను కదా. నువ్వు సినిమాలోంచి తీసెయ్. కొట్టు సంగతి తర్వాత నేను చూసుకుంటాను."

"తీయకపోతే?"

"తీసినదంతా నా బీరువాలో ఉంటుంది. నువ్వు మళ్లీ వచ్చి షర్టు గుడ్డలు చింపుకోవచ్చు. నీకెప్పుడూ ఖాళీ ఉంటుంది ఇక్కడ."

షైజు కుర్చీలోంచి లేచాడు. వెళ్లిపోవాలనుకున్నాడు. వెళ్లి నిషాద్ చొక్కా పట్టుకుని నిలదీయాలి, మృదులకి క్షమాపణ చెప్పాలి. ఎక్కడో ఒకచోట కూర్చుని ఆలోచించుకోవాలి. ఒక్క రోజు వ్యవధి చాలు.

లోనప్పన్ ఆ ఒక్క రోజూ ఇవ్వలేదు. బల్ల మీది బెల్లు నొక్కి, తలుపు తెరిచిన మేనేజర్‌తో, "రోసిలిని రమ్మను," అన్నాడు. షైజు వైపు తిరిగి, "నువ్వే చెప్పు. నా ఎదురుగానే చెప్పు. వెనకాల మాట మార్చే మనుషులంటే నాకు పడదు," అన్నాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. నొప్పికాళ్లతో ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడు. లోనప్పన్ వెళ్లి తన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

తలుపు తీసుకుని రోసిలి లోపలికొచ్చింది. ఆయాసపడుతూ ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూసింది. షైజుని అక్కడ కూర్చోబెట్టి మాట్లాడారంటే ఆమెకి తోచిన అర్థం ఒక్కటే. మొహం మెల్లగా విప్పారింది.

"జిన్సీ సంగతా ముదలాళీ? ఒప్పుకున్నారా?"

"నన్నెందుకు అడుగుతావు?" అన్నాడు లోనప్పన్. "మీ డైరెక్టరే చెబుతాడు."

రోసిలి షైజు వైపు తిరిగింది. "ఏంటి షైజూ? చెప్పు."

షైజు తలుపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "చేచ్చీ, వచ్చే ఆదివారం..." అని మొదలుపెట్టాడు.